నువ్వు రాసింది నమ్మి ఎవరో ఇన్‌స్టాల్ చేసుకుంటారు

రాజమండ్రి

తమ్ముడికి,

నీ ఉత్తరం, దాంతోపాటు సాఫ్ట్‌వేర్లు, వెబ్‌సైట్ల గురించి రాసి పంపిన మూడు వ్యాసాలు అందాయి. అన్నీ రెండేసి సార్లు చదివాను. మొదటిసారి మామూలుగా చదివాను. రెండోసారి కంప్యూటర్ ముందు కూర్చుని, నువ్వు చెప్పిన ప్రతిదీ చేసి చూస్తూ చదివాను. కొత్త సాఫ్ట్‌వేర్ కనబడితే నిద్ర మానుకునైనా విప్పి చూసే గుణం నీలో ఉంది. అది లేనివాళ్లకు ఈ రాత పట్టుబడదు. అందుకే నువ్వు ఈ పని మానొద్దని ముందుగా చెబుతున్నాను. మిగతాదంతా ఎలా రాస్తే బాగుంటుందన్న దాని గురించే.

నీ మొదటి వ్యాసం పదిహేను వెబ్‌సైట్ల జాబితా. ఒక్కోదానికి మూడు వాక్యాలు. "చాలా ఉపయోగపడుతుంది", "తప్పక ట్రై చేయండి" అన్న మాటలు పదిహేను చోట్లా ఉన్నాయి. వీటిలో పోయిన నెలలో నువ్వు నీ సొంత పనికి ఎన్ని వాడావు? రెండో మూడో అయితే ఆ రెండు మూడింటి గురించే రాయాల్సింది. మిగతావి ఎవరో చెప్పగా విన్నవి. ఇంకొకరి మెచ్చుకోలును మనం మళ్లీ తెలుగులో మెచ్చుకుంటే చదివేవాళ్లకు కొత్తగా దక్కేది ఏమీ లేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి రాశాను. పేరు అనవసరం. నా కంప్యూటర్‌లో అది అప్పటికే ఉంది, బాగా పనిచేస్తోంది, ఆ ధైర్యంతో రాసేశాను. కొత్తగా దించుకుంటే ఇన్‌స్టాలర్‌లో ఏమేం వస్తున్నాయో చూడలేదు. మా ఊళ్లో డీటీపీ షాపు నడుపుకునే ఒకాయన నా వ్యాసం చదివి దాన్ని వేసుకున్నాడు. అందరిలాగే నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుకుంటూ పోయాడు. మధ్యలో ముందే టిక్కులు పెట్టి ఉంచిన పెట్టెల వల్ల రెండు టూల్‌బార్లు, ఇంకేదో ప్రోగ్రామ్ వచ్చిపడ్డాయి. బ్రౌజర్ తెరిస్తే ప్రకటనలే. మాఘమాసం, పెళ్లి కార్డుల గిరాకీ ఉన్న రోజులు. రిపేరుకు ఇస్తే అక్కడ ఫార్మాట్ కొట్టారు. కార్డుల ఫైళ్లు, ఏళ్లుగా పోగుచేసుకున్న ఫాంట్లు అన్నీ పోయాయి.

విషయం తెలిసి వెళ్లాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు రాశారని వేసుకున్నాను సార్" అన్నాడు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. రాసే ముందు ఆ సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా తీసేసి, చదివేవాళ్లు ఎక్కడినుంచి దించుకుంటారో అక్కడినుంచే దించుకుని, వాళ్ల లాగే నెక్స్ట్ నొక్కుతూ వేసి చూస్తాను. ప్రతి తెరా ఆగి చదువుతాను. ఏ టిక్కు తీసేయాలో వ్యాసంలో రాస్తాను. నువ్వూ ఇది అలవాటు చేసుకో.

నీ రెండో వ్యాసం, ఫొటోల సైజు తగ్గించడం గురించి రాసింది, నాకు బాగా నచ్చింది. అందులో అసలైన అవసరం ఉంది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) దరఖాస్తు దగ్గర్నుంచి ఉద్యోగ పరీక్షల దాకా ఫొటో, సంతకం ఇన్ని కేబీల లోపే ఉండాలంటారు. గడువు ఆఖరి రోజున పిల్లలు టెన్షన్‌తో ఏదో ఒక సైటు వెతికి ఫొటో ఎక్కించేస్తారు. అదే ఊపులో ఆధార్ కాపీ, పదో తరగతి మార్కుల మెమో కూడా పీడీఎఫ్ చేయడానికి అక్కడే ఎక్కిస్తారు. ఆ కాగితాలు ఎవరి సర్వర్‌కు చేరాయో, ఎన్నాళ్లు అక్కడ ఉంటాయో వాళ్లకు తెలియదు. నువ్వు ఆరు సైట్ల పేర్లు ఇచ్చావు గానీ ఏది ఫైలును తన దగ్గరికి తీసుకెళ్తుందో, ఏది మన బ్రౌజర్‌లోనే పని ముగిస్తుందో చెప్పలేదు. ఈ వ్యాసానికి ప్రాణం అదే.

తేడా కనిపెట్టడానికి తేలికైన ఉపాయం ఉంది. సైటు పూర్తిగా తెరుచుకున్నాక ఫోన్‌లో డేటా, వైఫై రెండూ ఆపేయాలి. అప్పుడు ఫొటో ఎంచుకుని చూడాలి. పని ఆగిపోయిందంటే చాలావరకు ఆ పని జరిగేది వాళ్ల సర్వర్ మీద. ఆగకుండా సైజు తగ్గించి ఇచ్చిందంటే పని మన ఫోన్‌లోనే జరుగుతోందన్నమాట. గూగుల్ క్రోమ్ బృందం 2018లో తెచ్చిన స్క్వూష్ అనే సైటు ఇలాంటిదే. క్వాలిటీ జారుడు పట్టీని కదుపుతుంటే కొత్త సైజు ఎన్ని కేబీలో కిందే కనబడుతుంది. అసలు ఫొటో, తగ్గించిన ఫొటో పక్కపక్కనే చూసుకోవచ్చు. ఈ పరీక్ష పూర్తి గ్యారంటీ మాత్రం కాదు. నెట్ తిరిగి వచ్చాక ఒక సైటు ఏం చేస్తుందో దీంతో తేలదు. స్క్వూష్ కోడ్ బయటపెట్టి ఉంది కాబట్టి దాన్ని తెలిసినవాళ్లు చదివి చూడగలరు. ఆ సంగతి కూడా రాయి. మన పరీక్ష ఎంతవరకు నిలుస్తుందో మనమే చెబితే చదివేవాళ్లు ఇంకా నమ్ముతారు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయానికి వస్తాను. నువ్వు తెలుగులో రాస్తున్నావు. కానీ నీ మూడు వ్యాసాల్లోనూ ఆ టూల్స్ తెలుగుతో ఎలా నడుస్తాయో ఒక్క వాక్యం లేదు. ఇంగ్లీషు రివ్యూలు వందలు ఉంటాయి. వాటిలో ఏదీ చెప్పనిది, నువ్వు మాత్రమే చెప్పగలిగింది ఇదే.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక్కో తెలుగు పత్రిక సైటుకు ఒక్కో ఫాంటు ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనబడేవి. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింపు వేసుకుంటే ఆ గీతలు యూనికోడ్ తెలుగుగా, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే చదువుకోగల అక్షరాలుగా, మారి కనిపించేవి. లేఖిని పేజీ తెరిచి ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ అని కొడితే రెండో పెట్టెలో తెలుగులో వచ్చేది. మొదటిసారి అది చూసినప్పుడు పక్కింటివాళ్లను పిలిచి మరీ చూపించాను. ఆ పనులు చేసినవాళ్లు ఎవరూ చెప్పకుండానే, మన భాష కంప్యూటర్‌లో సరిగ్గా కనబడాలన్న పట్టుదలతో చేశారు. మనం ఇవాళ ఫోన్‌లో అలవోకగా తెలుగు కొడుతున్నామంటే వాళ్ల చలవే.

సమస్యలు తీరిపోయాయని మాత్రం అనుకోకు. 2018 ఫిబ్రవరి గుర్తుందా, నువ్వు అప్పుడు బడిలో ఉండి ఉంటావు. ఒక్క తెలుగు అక్షరం, "జ్ఞా" ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే, ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేయాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థకే తప్పిపోయిన అక్షరం అది. నాకు ఆ వార్త చూసి కోపం రాలేదు. మన అక్షరాలను పరీక్షించాల్సినవాళ్లం మనమేనని ఇంకా గట్టిగా అనిపించింది.

అందుకే ఏ కొత్త సాఫ్ట్‌వేర్ వేసినా నేను ముందు ఒక వరుస కొట్టి చూస్తాను: స్త్రీ, జ్ఞానం, కర్త, రాష్ట్రం, సాఫ్ట్‌వేర్. ఒత్తులు విడిపోతున్నాయా? వరుస చివర అక్షరం సగానికి తెగుతోందా? పీడీఎఫ్‌గా దాచి, అందులోంచి కాపీ చేసి అతికిస్తే అదే మాట వస్తోందా? చాలాచోట్ల ఈ చివరి పరీక్షలోనే దెబ్బ తింటుంది. పైకి చూడటానికి చక్కగా ఉన్న పీడీఎఫ్‌లోంచి తీస్తే గుణింతాలు తారుమారై వస్తాయి. పాత అను ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసినదైతే అసలు తెలుగే రాదు, ఎందుకంటే లోపల దాగి ఉన్నవి తెలుగు కోడ్‌లు కావు. అలాంటప్పుడు పేజీని బొమ్మగా దాచి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అది బొమ్మను చూసి అక్షరాలు గుర్తుపట్టి ఇస్తుంది. నెట్ లేకుండా చేసుకోవాలంటే ఇదే పని చేసే టెసెరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి తెలుగు డేటా విడిగా దొరుకుతుంది. రెండింటితోనూ ఒకే పాత పేజీని చేయించి, ఎక్కడ ఏ అక్షరం తప్పిందో పక్కపక్కన పెట్టి చూపిస్తూ రాయి. అలాంటి వ్యాసం కోసం తాతల నాటి పుస్తకాలు దాచుకున్నవాళ్లు ఎదురుచూస్తున్నారు.

సాఫ్ట్‌వేర్ అన్న మాటలో "ట్" దగ్గర పొల్లు నిలవడానికి మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అది లేకపోతే "వ" ఒత్తుగా మారి సాఫ్ట్వేర్ అవుతుంది. ఒకటి వెతికితే రెండోది దొరకని యాప్‌లు నేను చూశాను. నోట్స్ యాప్ గురించి రాసేటప్పుడు ఇది కూడా పరీక్షించి చెప్పు. ఇంత చిన్న విషయం ఎవరికి కావాలి అనుకోకు. రెండేళ్ల నోట్స్‌లో తను రాసుకున్న మాట తనకే దొరకనివాళ్లకు కావాలి.

భాష గురించి కొంచెం. తెరమీద "సేవ్" అని ఉంటే నువ్వు "భద్రపరచు మీట" అని రాస్తే చదివేవాళ్లు దాన్ని వెతుక్కుంటూ కూర్చుంటారు. తెరమీద ఉన్న పేరు ఉన్నట్టే రాయి. చేసే పని మాత్రం తెలుగులో చెప్పు: నొక్కండి, ఎంచుకోండి, అతికించండి, కిందికి జరపండి. నీ వ్యాసాల్లో "క్లిక్ చేసి సెలెక్ట్ చేసి పేస్ట్ చేయండి" అని ఉంది, అంత అవసరం లేదు.

మూడో వ్యాసం గురించి రాయడానికి కొంచెం వెనకాడాను. వీడియో ఎడిటర్‌లో సబ్‌టైటిల్స్ పెట్టే పద్ధతి రాశావు. నాలుగో మెట్టులో నువ్వు చెప్పిన మెనూ నా దగ్గర లేదు. కొత్త వెర్షన్‌లో చూశాను, పాతదానిలో చూశాను, ఫోన్‌లో కూడా చూశాను. వాక్యాలు చాలా నున్నగా ఉన్నాయి, మొదటి రెండు వ్యాసాల్లోని నీ గొంతు లేదు. ఏఐ చాట్‌బాట్‌ను అడిగి రాశావని అనుకుంటున్నాను. అడగడం తప్పు కాదు, నేనూ అడుగుతాను. కానీ అది లేని మెనూను కూడా ఉన్నంత నమ్మకంగా చెబుతుంది. నువ్వు ఒక్కసారి చేసి చూసి ఉంటే అక్కడే దొరికేది. ఒక పెద్దావిడ మనవరాలి పుట్టినరోజు వీడియోకు తెలుగు పేర్లు పెట్టుకుందామని నీ వ్యాసం ముందు పెట్టుకుని, ఆ మెనూ కోసం గంటసేపు వెతికి, తనకే చేతకాలేదనుకుని ఊరుకుంటుంది. అది నేను భరించలేను. నువ్వూ భరించలేవని నాకు తెలుసు.

అచ్చయ్యాక కూడా వ్యాసాన్ని వదిలేయకు. వెర్షన్ నంబరు, చూసిన తేదీ పైనే రాయి. గ్రేట్ సస్పెండర్ అని క్రోమ్‌కు ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చేది. ఎంతోమంది మెచ్చుకుంటూ రాశారు, అందులో అబద్ధం లేదు. 2020 జూన్‌లో దాన్ని తయారుచేసినాయన వేరేవాళ్లకు అమ్మేశాడు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికరమని చెప్పి జనం బ్రౌజర్లలోనే ఆపేసింది. కంప్యూటర్‌లో పనికిరాని ఫైళ్లు తుడిచే సీక్లీనర్‌కు 2017 ఆగస్టులో వచ్చిన 5.33 వెర్షన్ సంగతి ఇంకోరకం. దాడి చేసినవాళ్లు లోపల హానికర కోడ్ చొప్పించారు, అది అసలైన డిజిటల్ సంతకంతో, అధికారిక డౌన్‌లోడ్‌గానే బయటికి వచ్చింది. నువ్వు మెచ్చిన టూల్స్‌కు ఒక నోట్‌బుక్ పెట్టు. ఆరు నెలలకోసారి తిరగేసి ఎవరి చేతిలో ఉంది, ఏ కొత్త అనుమతులు అడుగుతోంది అని చూడు. మారితే పాత వ్యాసం పైన ఆ మాట రాయి. ఏదైనా కంపెనీ ఉచితంగా లైసెన్స్ ఇచ్చి రాయమంటే, ఆ సంగతి మొదటి పేరాలోనే చెప్పేయి.

ఇప్పటికి ఒక పని చేయి. ఫొటోల వ్యాసం మళ్లీ రాయి. రాసే ముందు మీ బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌లో ఒక పూట కూర్చో. దరఖాస్తులకు వచ్చే పిల్లలు ఏ సైటు తెరుస్తున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో, వెళ్లేముందు తమ ఫైళ్లు ఆ కంప్యూటర్‌లోనే వదిలేసి వెళ్తున్నారేమో చూడు. ఆరు సైట్లు అక్కర్లేదు, రెండు చాలు. డేటా ఆపి చేసిన పరీక్ష స్క్రీన్‌షాట్లు జతచేయి. నా దగ్గర నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. నువ్వు పంపగానే దానిమీద మొదటి మెట్టు నుంచి చేసి చూసి, ఎక్కడైనా ఆగిపోతే ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య