పొట్టి గుర్రం కొరుకుతోందని మేత ఆపకండి

ప్రశ్న: మా దగ్గర రెండేళ్ల మినియేచర్ మగ గుర్రం ఉంది, ఎత్తు 32 అంగుళాలు. చిన్నప్పుడు బుద్ధిగానే ఉండేది. ఇప్పుడు కొరుకుతోంది, ముందుకాళ్లెత్తి మీదికి వస్తోంది. ఈ జాతే మొండిదని, రెండు రోజులు మేత ఆపితే దారికొస్తుందని మందుల షాపతను చెప్పాడు. నట్టల మందు ట్యూబు, టానిక్కు కూడా ఇచ్చాడు. పెద్ద గుర్రాల్లాగే దీనికీ శిక్షణ ఇవ్వాలా? బండికి ఎప్పుడు కట్టొచ్చు?

జవాబు: ముందు వెళ్లి గడ్డి వేయండి, మిగతాది తర్వాత చదవండి. మేత ఆగితే ఈ పొట్టి గుర్రాల ఒంట్లోని కొవ్వు కరిగి ఒక్కసారిగా రక్తంలో చేరుతుంది, కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద గుర్రాల కంటే వీటికి ఈ ముప్పు చాలా ఎక్కువ. డల్‌గా ఉండి మేత ముట్టకపోతే అదే రోజు డాక్టరును పిలవండి, రేపు చూద్దాం అనుకోవద్దు.

జాతి మొండిదేమీ కాదు. విత్తులు తీయించినట్టు మీరు రాయలేదు, నా అనుమానం అక్కడే. రెండేళ్ల మగది కొరకడం, కాళ్లెత్తడం ఆ వయసు లక్షణమే. దానికి మీ గారాబం తోడైంది. నడుము దాకా కూడా రాని జీవం చొక్కా పట్టి లాగితే ముద్దుగా ఉందని ఊరుకుంటాం, అదే పని 400 కిలోల గుర్రం చేస్తే మొదటి రోజే ఆపించేవాళ్లం కదా. చేత్తో తినిపించడం ఈ రోజు నుంచే మానేయండి, ఏం పెట్టినా తొట్టిలోనే.

నేర్పే పద్ధతి రెండింటికీ ఒకటే. తాడు కొద్దిగా బిగించి పట్టుకోండి, అది ఒక్క అడుగు వేసిన క్షణంలోనే వదులు చేయండి. ఆ వదలడంలోనే దానికి పాఠం ఉంది, అడుగు వేశాక కూడా లాగుతూనే ఉంటే దానికేం అర్థమవుతుంది? పెద్దదాన్ని ఈడ్చలేం కాబట్టి ఓపికగా నేర్పుతాం, దీన్ని ఈడ్చగలం కాబట్టి నేర్పడం మానేస్తాం. పూటకు 10–15 నిమిషాలు చాలు. కాళ్లెత్తే గుర్రానికి ఎదురుగా వంగడం, కూర్చోవడం చేయకండి, భుజం పక్కన నిలబడి ముందుకు నడిపించండి.

మూడేళ్లు నిండేదాకా బండి వద్దు. ఈలోగా రెండు పొడవాటి పగ్గాలు కట్టి, వెనక నడుస్తూ ఆగు, నడువు, తిరుగు నేర్పండి. వీటి మీద ఎక్కి నేర్పలేం కాబట్టి గొంతు, పగ్గం ఈ రెండే మీ ఆయుధాలు. కళ్లెం పెట్టే ముందు పళ్లు చూపించండి, చిన్న దవడలో పళ్లు ఇరుక్కుని నొప్పి పెడుతుంటే తల విదిలిస్తుంది, దాన్ని పొగరనుకుని కొడతారు.

ఇక ఆ ట్యూబు సంగతి. పెద్ద గుర్రాల ట్యూబు ఒక్కోటి సుమారు 600 కిలోల బరువుకు సరిపోతుంది, మీది 100 కిలోల లోపే ఉండొచ్చు. తూచకుండా మందు అమ్మడం ఏం పద్ధతి? అందులో మోక్సిడెక్టిన్ ఉంటే మోతాదు మించడం మరీ ప్రమాదం, నరాల మీద పడుతుంది. బస్తాలు తూచే కాటా మీద గుర్రాన్ని నిలబెట్టండి, ఇంత చిన్నది సరిపోతుంది. ఐవర్‌మెక్టిన్ అయితే కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు, అంటే 90 కిలోలకు 18 మిల్లీగ్రాములు. ట్యూబు పిడి మీది రింగును మీ గుర్రం బరువు చూపే గీత దగ్గరికి తిప్పి బిగించాకే నోట్లో పెట్టండి. ఎండుగడ్డి కూడా బరువును బట్టే, రోజుకు ఒంటి బరువులో 1.5 నుంచి 2 శాతం, నాలుగైదు సార్లుగా వేయండి. దాణా ఎక్కువైతే ఒళ్లు పెరిగి గిట్టల్లో వాపు వస్తుంది. టానిక్కు అవసరం లేదు, తిరిగి ఇచ్చేయండి.

విత్తులు తీయించే ముందు రెండూ కిందికి దిగాయో లేదో డాక్టరుతో చూపించండి, ఈ జాతిలో ఒక్కోసారి ఒకటి లోపలే ఉండిపోతుంది. ధనుర్వాతం టీకా ముందుగానే వేయించండి. ఆపరేషన్ అయ్యాక కూడా ఆరు వారాల దాకా ఆడ గుర్రాల దగ్గర వదలకండి.