బరువు ఎక్కువున్నవాళ్లే మెత్తటి నేలలో ఎక్కువ దిగబడతారా?

అలా ఏం లేదండి, ఎంత దిగబడతాం అన్నది బరువొక్కదాని మీదే కాదు, ఆ బరువు ఎంత జాగా మీద పరుచుకుంది అన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. చదరపు సెంటీమీటరుకి ఎంత భారం పడుతోందో చూడాలి, అదే పీడనం. ఏ నేలైనా కొంత పీడనం వరకే ఆపుతుంది, అది దాటితే కాలి కింద మట్టి నలిగి పక్కలకి జరిగిపోయి కాలు లోపలికి పోతుంది, తడి నేలకైతే ఆ హద్దు ఇంకా తక్కువ.

60 కిలోల మనిషి సన్న హీల్స్ వేసుకుని సగం బరువు ఒక హీల్ మీద మోపారనుకోండి, దాని కొన 1 చదరపు సెంటీమీటరే అయితే అక్కడ 30 కిలోలు పడ్డట్టే. అదే 4000 కిలోల ఏనుగు నాలుగు కాళ్ల మీద నిలబడితే, ఒక్కో పాదం సుమారు 1000 చదరపు సెంటీమీటర్లు అనుకున్నా, చదరపు సెంటీమీటరుకి 1 కిలోనే వస్తుంది. మెత్తటి నేలలో ముందు గుచ్చుకునేది హీలే!

ఇది విని చాలామంది పాదం పెద్దదైతే చాలు దిగబడరు అనుకుంటారు, అదీ తప్పే. ఒక మనిషిని పొడవు, వెడల్పు, మందం అన్నీ రెండింతలు చేస్తే పాదం ఆనే జాగా 4 రెట్లే పెరుగుతుంది, బరువేమో 8 రెట్లు, అంటే పీడనం డబుల్.