మొదటి రోజు ఎవరినీ తరమకు

చి. బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. శనివారం మీ గుంపంతా బెంగళూరు ఎలహంకలో బయల్దేరి హైదరాబాద్ దాకా సైకిళ్ల మీద పోతున్నారనీ, తొలి మజిలీ లేపాక్షి అనీ మీ అమ్మ చెప్పింది. "నువ్వైనా వద్దని చెప్పన్నయ్యా" అంది. నేనెందుకు వద్దంటాను? ఒక్కటే చెప్తాను, ముందు దూసుకుపోయేవాళ్ల వెంట ఆ రోజు పడకు.

ఆ దారే మనల్ని మోసం చేస్తుంది. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, దారిలో వచ్చే బాగేపల్లి 700 చిల్లర. చిక్కబళ్లాపురం దాటాక మధ్యమధ్య ఎత్తులున్నా మొత్తం మీద పల్లమే. పొద్దున చలి, కాళ్లలో కొత్త బలం, పక్కన కుర్రాళ్లు. ముప్పై స్పీడులో పోతుంటే అదంతా మన గొప్పే అనిపిస్తుంది. నా మొదటి టూర్‌లో నేనూ అలాగే పోయాను. పేరేసంద్ర దాటాక రెండు తొడలూ ఒకేసారి పట్టేశాయి. సైకిల్ దిగడం కూడా చేతకాక చింతచెట్టు కింద ఒరిగిపోతే, మేకలు కాసుకునే ముసలాయన వచ్చి నా బొటనవేళ్లు పట్టుకుని వెనక్కి వంచాడు. "ఈ వయసులో నీకెందుకు సామీ ఇది" అన్నాడు, శుద్ధమైన తెలుగులో. అక్కడ బోర్డులు కన్నడలో ఉంటాయి, తిట్లు మన భాషలోనే.

అందుకే, పక్కవాళ్లతో ఆయాసం లేకుండా ఒక పూర్తి మాట చెప్పగలిగినంత వేగంలోనే తొక్కు. గేరు తేలిగ్గా పెట్టి కాళ్లు చకచకా ఆడించు. ఫ్లైఓవర్ రాగానే లేచి నిలబడి తొక్కాలన్న సరదా ఎవరికైనా పుడుతుంది, వాళ్లను పోనీ.

చలికి దాహం వేయదు, అయినా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌కి సరిగ్గా లీటరు నీళ్లు, ఉజ్జాయింపుగా కలపకు. దేవనహళ్లిలో రెండు ఇడ్లీలు చాలు. దోసె మీద దోసె లాగించి ఎండలో తొక్కినవాళ్ల అవస్థ చూశాను, వర్ణించను.

హెబ్బాళ వైపు నుంచి వచ్చే సర్వీస్ రోడ్డులో ఎదురు వచ్చే బైకులుంటాయి, జాగ్రత్త. గుంపులో ఉన్నప్పుడు నీ ముందు చక్రాన్ని ముందువాళ్ల వెనక చక్రం పక్కకు ఎప్పుడూ పోనివ్వకు. వాళ్లు గుంత తప్పించడానికి జానెడు జరిగితే చక్రాలు తగులుతాయి, వాళ్లు నిలబడతారు, పడేది నువ్వే. ఆగేముందు అరిచి చెప్పు. సిగ్గుపడకు.

ఇక పంక్చర్. హైవే అంచున లారీ టైర్లు పేలిన చోట వెంట్రుకంత ఇనుప తీగ ముక్కలు పడి ఉంటాయి. ట్యూబ్ మార్చేస్తే పనైపోయిందనుకుంటారు. తీగ టైరులోనే ఉండిపోయి, కిలోమీటరు పోకముందే కొత్త ట్యూబ్‌నీ పొడుస్తుంది. టైరు లోపలంతా గుడ్డతో మెల్లగా తుడువు, దారపు పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడుంది దొంగ. గోళ్లతో రాదు, చిన్న పట్టకారు ఒకటి సంచిలో వేసుకో. నేను ఒకే మధ్యాహ్నం మూడు ట్యూబులు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

కొత్త సీటు, కొత్త బూట్లు ఆ రోజు వద్దు. మెత్త ఉన్న షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదట, ఒరిపిడికి పుండవుతుంది. ఇది మీ అత్త రాయమంది.

కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర హైవే వదిలి ఎడమకు తిరిగాక ఇంకో పదహారు కిలోమీటర్లుంటాయి. చాలామంది అక్కడే "వచ్చేశాం" అనుకుని నీరసపడతారు. తిరగకముందే అరటిపండు తిను. ఊరి మొదట్లో ఏకశిలా నంది కనబడగానే ఫోటోలకు ఎగబడతారు. నువ్వు ముందు బస చేరి స్నానం చేసి, ఆ షార్ట్స్ ఉతికి ఆరేసి, చైను తుడుచుకో. నంది ఎక్కడికీ పోడు.

అమ్మకు ఫోన్ చెయ్యి. కాళ్లు నొప్పులని మాత్రం చెప్పకు, అర్ధరాత్రి నాకు ఫోన్ వస్తుంది.

మావయ్య