మోకాళ్ళు మొరాయిస్తే మిద్దె తోట మానాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చీడపీడల కన్నా వంగని నడుములు, పట్టు తప్పిన వేళ్ళ గురించిన ప్రశ్నలే ఎక్కువగా ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షికను వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నా వయసు అరవై ఏడు. ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాక మేడ మీద అరవై కుండీల దాకా పెంచుకున్నాను. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయనీ, గొంతుక్కూర్చోవద్దనీ, బాసింపట్టు వేయవద్దనీ డాక్టరు గారు చెప్పారు. కుండీలన్నీ నేల మీదే ఉన్నాయి. కూర్చుంటే లేవలేను, నిలబడి వంగితే నడుము పట్టేస్తోంది, బకెట్టు మోయలేను. ఇంటి పనికి వచ్చే అమ్మాయికి చెబితే కలుపు అనుకుని టమాటా నారంతా పీకేసింది. “ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా, కొనుక్కుంటే పోలా?” అంటున్నాడు మా అబ్బాయి. తోట తీసేయక తప్పదా? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తీసేయనక్కరలేదమ్మా. మీ ఉత్తరంలో ఇబ్బందులు చాలా కనిపిస్తున్నా, వాటిలో ఎక్కువ భాగం ఒక్క కారణం నుంచే పుట్టాయి: మట్టి మీ చేతికి అందనంత కిందుగా ఉంది. మోకాళ్ళను మట్టి దగ్గరకు దించడం ఇక కుదరదు కాబట్టి మట్టినే పైకి తేవాలి. చేతులున్న గట్టి కుర్చీలో కూర్చుని పని చేసుకునేవారికి మట్టి పైభాగం నేల నుంచి రెండడుగుల ఎత్తులోనూ, నిలబడి చేసేవారికి రెండున్నర నుంచి మూడడుగుల ఎత్తులోనూ ఉంటే వంగే పని దాదాపు ఉండదు. కుర్చీకి చేతులు ఉండాలని ప్రత్యేకించి చెప్పడానికి కారణం ఉంది. లేచేటప్పుడు బరువులో కొంత భుజాలు మోస్తే మోకాలి మీద పడే భారం తగ్గుతుంది. ముక్కాలి పీటలు, మడత స్టూళ్ళు ఆ సాయం చేయవు.

ఎత్తు అనగానే చాలామంది ఇటుకలతో రెండడుగుల తొట్టి కట్టించి అంచుదాకా మట్టి నింపుతారు. మిద్దె మీద ఆ పని చేయకండి. తడిసిన మట్టి రెండడుగుల లోతున ఉంటే చదరపు మీటరుకు 900 కిలోలకు పైగా తూగుతుంది. మనుషులు తిరిగే ఇంటి పైకప్పుకు ఇంజనీర్లు లెక్కవేసే అదనపు భారం చదరపు మీటరుకు 150 కిలోలే. ఆకుకూరలకు ఎనిమిది తొమ్మిది అంగుళాల మట్టి చాలు కాబట్టి, వెల్డింగు షాపులో ఇనుప స్టాండ్లు చేయించి, వాటి మీద లోతు తక్కువ తొట్లు పెట్టుకోండి. మట్టి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు సమపాళ్ళలో కలిపితే బరువు బాగా తగ్గుతుంది. ఐదు కిలోల కొబ్బరి పొట్టు దిమ్మె నానిన తరువాత సుమారు డెబ్బై లీటర్లకు పొంగుతుంది కాబట్టి ఒకేసారి నాలుగు దిమ్మెలు కొని పెట్టుకోవలసిన అవసరం లేదు. స్టాండ్లను స్లాబు నడిమధ్యలో కాకుండా, కింద గోడలు, దూలాలు ఉన్న వరుసల వెంబడి సర్దించండి. ఇల్లు పాతదైతే ముందుగా ఇంజనీరుకు ఒకసారి చూపించడం మంచిది. పిట్టగోడకు ఆనించిన తొట్టి వెడల్పు రెండడుగులు దాటకూడదు. దాటితే అవతలి అంచు మొక్క కోసం మళ్ళీ ముందుకు వంగవలసి వస్తుంది.

అరవై కుండీలూ ఇలా పైకెక్కవు. ఎక్కించవలసిన పనీ లేదు. పాతికకు తగ్గించండి. ఏవి ఉంచుకోవాలన్నప్పుడు రుచితో పాటు పనినీ లెక్కలోకి తీసుకోవాలి. కొత్తిమీర, వేళ్ళతో సహా పీకే తోటకూర వంటివి నెలనెలా మళ్ళీ విత్తించుకుంటాయి. అదే బచ్చలి, పొన్నగంటి, గోంగూర, కరివేపాకు అయితే గిల్లుకున్నకొద్దీ చిగురిస్తాయి. దొండ ఒకసారి పాకితే ఏళ్ళ తరబడి కాస్తుంది, కానీ తల మీది పందిరికి పాకించకండి. చేతులెత్తి కోయడం భుజాలకు కష్టం. ఛాతీ ఎత్తు దాటని ఏటవాలు వల మీదికి మళ్ళిస్తే కాయలు కిందికి వేలాడుతూ కంటి ముందే కనిపిస్తాయి. డ్రమ్ముల్లో పెంచే జామ, దానిమ్మ చెట్లను మాత్రం, కష్టమనిపించినా, బంధువులకు ఇచ్చేయమనే నా సలహా. వాటి కత్తిరింపులు, మట్టి మార్పిడి ఇకపై మీ చేతిలో ఉండే పనులు కావు.

నారు పీకేసిన అమ్మాయిని తప్పు పట్టలేము. రెండాకుల దశలో టమాటా మొలకను గుర్తుపట్టడం తోటపని తెలిసినవారికే కష్టం. నారు ట్రేలను మీరు కాఫీ తాగే బల్ల మీద, మీ చేయి మాత్రమే పడే చోట ఉంచండి. కుండీల్లో మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులో కొబ్బరి పీచో పరిచితే కలుపు పెద్దగా మొలవదు, తడి కూడా నిలుస్తుంది. ఆమెకు మూటలు పైకి చేర్చడం, కుండీలు జరపడం వంటి బరువు పనులు మాత్రమే అప్పగించండి. పన్నెండంగుళాల కుండీ తడి మట్టితో పాతిక కిలోల దాకా ఉంటుంది. దానిని మీరు ఒక్క అంగుళం కూడా కదపవద్దు.

ఇక మీ అబ్బాయి మాట. అతను కూరగాయల ఖర్చు గురించి మాట్లాడుతున్నాడు, మీరు తెల్లవారి చేసుకునే పని గురించి అడుగుతున్నారు. ఆ వాదన ఎన్నాళ్ళు సాగినా తెగదు. దానిని పక్కన పెట్టి, ఆ స్టాండ్లేవో అతని చేతనే చేయించండి.

ప్రశ్న: నడుము శస్త్రచికిత్స తరువాత నీళ్ళు మోయవద్దన్నారు. బ్యాటరీ టైమరుతో డ్రిప్పు పెట్టించుకున్నాను. మేడ మీది ట్యాంకుకు బిగిస్తే చివరి కుండీలకు చుక్క కూడా రావడం లేదు, ఒక్కోరోజు టైమరు తెరుచుకోవడమే లేదు. అమ్మినవారు అంతా సరిగానే ఉందంటున్నారు. – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పరికరం పాడైందని ముందే నిర్ణయానికి రాకండి, చాలా ఇళ్ళలో లోపం ఒత్తిడిలోనే ఉంటుంది. మామూలు డ్రిప్పర్లు గంటకు రెండు లేదా నాలుగు లీటర్లు అని చెప్పేది సుమారు ఒక బార్ ఒత్తిడి దగ్గర, అంటే నీటి మట్టం పది మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు. మీ ట్యాంకు ఏ ఆరడుగుల దిమ్మె మీదో ఉంటే అందులో మూడో వంతు ఒత్తిడి కూడా రాదు. టైమర్లలోనూ రెండు రకాలున్నాయి. సోలినాయిడ్ (విద్యుదయస్కాంత) వాల్వు ఉన్నవి నీటి ఒత్తిడి సాయంతోనే పనిచేస్తాయి కాబట్టి ఇంత తక్కువ ఒత్తిడిలో మొరాయిస్తాయి. బాల్ వాల్వు ఉన్నవాటిని మోటారు తిప్పుతుంది కాబట్టి ఒత్తిడి లేకపోయినా తెరుచుకుంటాయి. మీ టైమరు మొదటి రకమైతే మార్చుకోవడం తప్ప మరో దారి లేదు.

ఆ మామూలు డ్రిప్పర్లు తీసేసి, సన్నని మైక్రో ట్యూబుల చివర చిన్న కుళాయిల వంటి సర్దుబాటు డ్రిప్పర్లు పెట్టించండి. కుండీలన్నీ ఒకే ఎత్తులో ఉండేలా చూడండి. ఇంత తక్కువ ఒత్తిడిలో ఒక్క అడుగు తేడా ఉన్నా కింద ఉన్నది మడుగు కడుతుంది, పైనున్నది ఎండుతుంది. ట్యాంకు అడుగున పేరుకునే ఒండ్రు ట్యూబులను మూసేయకుండా మొదట్లోనే ఒక జల్లెడ ఫిల్టరు తప్పనిసరిగా ఉండాలి. దానిని మీరు నిలబడి విప్పి కడగగలిగే ఎత్తులో బిగించమని ప్లంబరుకు గట్టిగా చెప్పండి, లేకపోతే అలవాటుగా నేలకు జానెడు ఎత్తున బిగించి వెళ్ళిపోతాడు.

ప్రశ్న: పక్షవాతం వచ్చి తగ్గాక కుడిచేతికి పట్టు సరిగా లేదు, స్పర్శ కూడా తక్కువే. ఎడమచేత్తో తోటపని చేయాలనుకుంటున్నాను. తీగలు కట్టలేకపోతున్నాను, సన్న విత్తనాలు ఒకే చోట గుప్పగా పడుతున్నాయి. చూస్తున్నవారు జాలిపడడం ఇంకా చిరాకుగా ఉంది. – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముడి వేయడానికి రెండు చేతులు కావాలి, క్లిప్పు పెట్టడానికి ఒకటి చాలు. బట్టలారేసే క్లిప్పులతోనే తీగను వలకు పట్టించండి. కాండం లావైనప్పుడు వాటిని విప్పి పైకి జరపడమూ సులువే. తోటకూర వంటి సన్న విత్తనాలను వాటికి నాలుగైదు రెట్ల పొడి ఇసుకలో కలిపి, చిల్లుల మూత ఉన్న ఉప్పు డబ్బాతో చల్లితే గుప్పలు పడవు. తవ్వుగోల పిడికి పాత సైకిలు ట్యూబు చుట్టిస్తే లావై, తక్కువ పట్టుకే చేతిలో నిలుస్తుంది. వేపనూనె చల్లడానికి వీపున మోసే పెద్ద స్ప్రేయరు వద్దు, మాటిమాటికీ మీట నొక్కవలసిన సీసా కూడా వద్దు. ముందుగా గాలి కొట్టుకుని మీట నొక్కి ఉంచితే చాలే రెండు లీటర్ల సీసా తీసుకోండి. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల నూనె, కాస్త కుంకుడు రసం కలిపితే పేనుబంకకు, పిండినల్లికి సరిపోతుంది, సాయంత్రం చల్లాలి.

స్పర్శ తక్కువైన చేతి విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. ముళ్ళ వంగ, గులాబీ గుచ్చుకున్నా మీకు తెలియదు. పక్షవాతం వచ్చినవారిలో చాలామంది రక్తం పలచబడే మందులు వాడుతుంటారు కాబట్టి, మీరూ వాడుతుంటే చిన్న గాయం నుంచి కూడా రక్తం త్వరగా ఆగదు. కుడిచేతికి మందపాటి తొడుగు వేసుకుని పనిలోకి దిగండి, పని అయ్యాక వెలుతురులో రెండు చేతులూ కళ్ళతో పరిశీలించుకోండి. వేసవిలో ఎండకు పడి ఉన్న గొట్టంలోంచి మొదట వచ్చే నీళ్ళు సలసల కాగినట్లుంటాయి. వాటి వేడిని ఎడమచేత్తోనే చూడండి. జాలి పడేవారి సంగతికి వస్తే, క్లిప్పులు అందించే పని వారికి అప్పగించి చూడండి.

ప్రశ్న: మధుమేహం వల్ల పాదాలకు తిమ్మిరి. చెప్పులు వేసుకుంటే పాచి మీద జారుతున్నాయి, విప్పితే కాళ్ళు కాలుతున్నా తెలియడం లేదు. – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: చెప్పులు ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దమ్మా. అడుగున గాళ్ళున్న, మడమ పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కోండి. వేసుకునే ముందు లోపల రాయో ముల్లో ఉందేమో చేత్తో తడిమి చూడండి. పాచికి కారణం కుండీల నుంచి కారే నీరు కాబట్టి, కుండీల కింద పళ్ళేలు పెట్టి, వాటిలో నిలిచిన నీటిని దోమలు చేరకముందే ఎవరిచేతనైనా పారబోయించండి. ఇప్పటికే పట్టిన పాచిని ఎవరైనా చీపురుపుల్లల కట్టతో రుద్ది కడిగి, నేల పూర్తిగా ఆరేదాకా మీరు మెట్లెక్కవద్దు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఉదయం ఏడున్నర దాటాక మేడ మీద అడుగు పెట్టకండి.