స్రవించే కణాలా, స్రవింపజేసే కణాలా?

సందేహం: రోగనిరోధక శాస్త్రం మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ‘ఎలుకల ప్లీహంలో ప్రతిరక్షకాలను స్రవించే బి కణాలను లెక్కించారు’ అని రాశాను (ప్రతిరక్షకాలంటే యాంటీబాడీలు). ‘స్రవించు’ అకర్మక క్రియ కదా, ‘స్రవింపజేసే’ అని దిద్దాలంటున్నారు ఒక మిత్రుడు. ఏది సరి?

సమాధానం: మీరు రాసిందే ఉంచండి. మీ మిత్రుడి అభ్యంతరానికి ఆధారం లేకపోలేదు. స్రవించడమంటే కారడం. ‘గాయం నుంచి రక్తం స్రవిస్తోంది’ అన్నప్పుడు కర్మ లేదు. కానీ ‘గ్రంథులు హార్మోన్లను స్రవిస్తాయి’ అని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటూనే ఉన్నాం. ‘మేఘం వర్షించింది’, ‘మేఘం నీటిని వర్షించింది’ అని రెండు విధాలా అంటాం కదా, ఇదీ అంతే.

అకర్మకమే అని పట్టుబట్టేవారికీ ఒక దారి ఉంది. ‘ను’ తీసేసి ‘ప్రతిరక్షకాలు స్రవించే కణాలు’ అనండి. ‘నీళ్లు కారే కుండ’ అన్నప్పుడు కారేది నీళ్లే అయినా, విశేషణం కుండకు చేరింది. తెలుగు క్రియాజన్య విశేషణానికి ఆ వెసులుబాటు ఉంది. ‘స్రవించబడే’ అని మాత్రం రాయకండి, చదవడానికే ఇబ్బందిగా ఉంటుంది.

‘స్రవింపజేసే’ వద్దనడానికి అసలు కారణం వ్యాకరణం కాదు, శాస్త్రం. ప్రతిరక్షకాలను స్రవించే కణాలను లెక్కించే ఎలిస్పాట్ పరీక్షనే చూడండి. 1983లో వచ్చిన పద్ధతి ఇది. చిన్న చిన్న గుంటలున్న పలకలో, గుంటల అడుగున ఉన్న పొరకు ముందుగా యాంటిజెన్ (ప్రతిరక్షకం గుర్తించి అంటుకునే పదార్థం) పట్టిస్తారు. ఎలుక ప్లీహం నుంచో ఎముక మజ్జ నుంచో తీసిన కణాలను దాని మీద వేసి, కొన్ని గంటలు కదపకుండా ఉంచుతారు. ఏ కణమైనా ఆ యాంటిజెన్‌కు సరిపడే ప్రతిరక్షకాన్ని వదిలితే అది కణం చుట్టూనే పొరకు అంటుకుంటుంది. తర్వాత కణాలను కడిగేసి, ఎంజైమ్ తగిలించిన మరో ప్రతిరక్షకం వేసి రంగు తెప్పిస్తే, కణం ఉన్నచోట ఒక చుక్క కనబడుతుంది. ఒక చుక్క అంటే ఒక కణం. ఇక్కడ కణాలు తమంతట తామే స్రవిస్తున్నాయి, ఎవరూ స్రవింపజేయడం లేదు.

ఒకసారి ఎదురైన యాంటిజెన్‌ను గుర్తుంచుకునే జ్ఞాపక బి కణాల సంగతి వేరు. అవి ఊరికే ఉంటే ఏమీ స్రవించవు. ప్రేరకాలు కలిపి కొన్ని రోజులు పెంచి, ప్రతిరక్షకాలను స్రవించే కణాలుగా మారాకే ఎలిస్పాట్‌లో వేస్తారు. ‘జ్ఞాపక కణాలను ప్రేరేపించి, ప్రతిరక్షకాలను స్రవింపజేసి లెక్కించారు’ అనే వాక్యం అక్కడ ఎంతో అవసరం. రెండుచోట్లా ఒకే రూపం వాడితే, ఎలుక ఒంట్లో అప్పటికే పనిలో ఉన్న కణాలేవో, ప్రయోగశాలలో మేల్కొల్పినవేవో పాఠకుడికి తెలియదు. అది భాషాదోషం కన్నా పెద్ద నష్టం.

మరో మాట, మీరు అడగకపోయినా. ‘లెక్కించు’ అన్న క్రియను కణాలకే ఉంచండి. రక్తరసిలో ఎంత ప్రతిరక్షకం ఉందో ఎలీసా అనే పరీక్షతో ‘కొలుస్తారు’, ఎన్ని కణాలు దాన్ని తయారుచేస్తున్నాయో ఎలిస్పాట్‌తో ‘లెక్కిస్తారు’. ‘ప్రతిరక్షకాలను లెక్కించారు’ అని రాస్తే రెండూ కలగాపులగమవుతాయి. ఫలితం చెప్పేటప్పుడు ‘పది లక్షల ప్లీహ కణాలకు ఇన్ని’ అని రాయండి. కేవలం ‘ఇన్ని చుక్కలు’ అంటే, గుంటలో ఎన్ని కణాలు వేశారో తెలియనప్పుడు ఆ అంకెకు అర్థం లేదు.

పాత పద్ధతి ప్రస్తావన వస్తే మాటలు మార్చుకోండి. 1963లో నీల్స్ యెర్నె, ఆల్బర్ట్ నార్డిన్ ప్రకటించిన ప్లాక్ పరీక్షలో ఎలుక ప్లీహ కణాలను గొర్రె ఎర్ర రక్తకణాలతో కలిపి అగార్ అనే జెల్‌లో పోస్తారు. కాంప్లిమెంట్ (రక్తరసిలో ఉండే కొన్ని ప్రోటీన్లు) చేర్చాక, స్రవించే కణం చుట్టూ ఉన్న ఎర్ర కణాలు పగిలిపోతాయి. అక్కడ కనబడేది రంగు చుక్క కాదు, రంగు పోయి తేటపడిన వలయం. దానికి ‘చుక్క’ అనకుండా ‘తేట వలయం’ అనో, ‘ప్లాక్’ అనో రాయండి.