బ్యాండ్‌లో గొడవలా? ముందు పాట ఎవరి పేరున ఉందో చూడండి

"పేరు రాని రోజుల్లో ప్రాణస్నేహితుల్లా ఉండే రాక్ బ్యాండ్‌లు హిట్ పడ్డాక ఎందుకు కొట్టుకుంటాయి?" అని అడిగారు. చాలామంది ఈగో అంటారు, కాదనను. కానీ హైదరాబాద్‌లో కొన్నేళ్ళు బేస్ వాయించినవాడిగా నేను ముందు అడిగేది ఒకటే: పాట ఎవరి పేరున ఉంది?

షో డబ్బులు మామూలుగా సమానంగా పంచుకుంటారు. పాట రాసి, ట్యూన్ కట్టినవాళ్ళకి మాత్రం రాయల్టీ వేరుగా వస్తుంది, ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటుంది. పాట ఆడనంతకాలం ఆ వాటా సున్నాయే కాబట్టి ఎవరికీ పట్టదు. ఆడిందంటే ఒకే వ్యాన్‌లో తిరిగిన నలుగురిలో ఒకడు ఇల్లు కొంటాడు, మిగతా ముగ్గురూ అద్దె కడుతుంటారు.

బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ సంగతే తీసుకోండి. 1975లో 'బొహీమియన్ రాప్సొడీ' సింగిల్‌గా, అంటే వైపుకో పాటతో విడి రికార్డుగా వచ్చింది. రాసింది సింగర్ ఫ్రెడ్డీ మెర్క్యురీ. బ్రిటన్‌లో 9 వారాలు నంబర్ వన్. ఆ రికార్డు రెండోవైపు డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసిన 'ఐయామ్ ఇన్ లవ్ విత్ మై కార్' వేశారు. కొన్నవాళ్ళు ఏ వైపు విన్నా, అమ్మకాల మీద రాయల్టీ రెండు పాటలకీ సమానం. జనం ఎగబడి కొన్నది మెర్క్యురీ పాట కోసం, టేలర్‌కీ అంతే ముట్టింది. (తన పాట వేస్తామనేదాకా టేలర్ అల్మారాలో దూరి తలుపేసుకున్నాడని ఓ కథ ఉంది. నేనైనా అదే చేసేవాణ్ణి!) నలుగురూ హిట్లు రాయగలవాళ్ళే కావడంతో, ఏది సింగిల్‌గా రావాలన్న ప్రతి చర్చలోనూ డబ్బు ఉండేది. చివరికి 1989లో 'ది మిరాకిల్' ఆల్బమ్ పాటలన్నీ క్వీన్ పేరునే వేసుకున్నారు.

'ద పోలీస్' బ్యాండ్ అలా తేల్చుకోలేదు. 1983 నాటి 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్' పాట సింగర్ స్టింగ్ ఒక్కడి పేరునే ఉంది. అందులోని గిటార్ ఆండీ సమర్స్ కట్టింది. అది తీసేసి ఆ పాట ఊహించుకోండి చూద్దాం. 2025లో సమర్స్, డ్రమ్మర్ స్టూవర్ట్ కోప్‌లాండ్ కలిసి రాయల్టీల విషయమై స్టింగ్ మీద లండన్ హైకోర్టుకెక్కారు.

మాది చిన్న స్థాయి. కాలేజీ ఫెస్టులు, పబ్బులు, అప్పుడప్పుడూ కార్పొరేట్ షోలు. మా ఒరిజినల్ ఒకటి కాస్త ఆడాక, ఓ ప్రకటనలో వాడుకుంటామని అడిగారు. ఫారంలో 'కంపోజర్' అనే గడి దగ్గర మొదలైంది రచ్చ. "ట్యూన్ నాది కదరా" అంటాడు సింగర్. "నా రిఫ్ (పాటలో మళ్ళీమళ్ళీ వచ్చే గిటార్ ముక్క) మొదలయ్యాకే కదా జనం అరిచేది" అంటాడు గిటారిస్ట్. ఇద్దరిదీ నిజమే. ఆ తర్వాత జామింగ్‌లో ఎవరూ కొత్త ఐడియా బయటపెట్టేవాళ్ళు కాదు, ఇంట్లోనే ఫోన్‌లో రికార్డు చేసి దాచుకునేవాళ్ళు. అరుచుకుంటూ కూడా పాటలు చేశాం గానీ, ఇలా దాచుకోవడం మొదలయ్యాక ఒక్కటీ పూర్తవలేదు.

మీకూ బ్యాండ్ ఉంటే, పాట పూర్తయిన రోజే ఎవరి వాటా ఎంతో వాట్సాప్ గ్రూప్‌లోనైనా రాసి పెట్టుకోండి. అందరికీ సమానంగా ఉండాలనేం లేదు. డ్రమ్మర్‌కి పది శాతమే అనుకుంటే ఆ పదీ అతను ఉన్నప్పుడే రాయండి. మా గొడవలో మా డ్రమ్మర్ వాటా సంగతి ఎవరూ ఎత్తనే లేదు. మొదట బ్యాండ్ వదిలి వెళ్ళింది అతనే.