పాత 503 ఇంజన్‌ను మంచు పడేలోగా సిద్ధం చెయ్యడం

చిరంజీవి కిట్టుకు మామయ్య ఆశీస్సులు.

డులూత్‌లో నువ్వు కొన్న పాత స్కీ-డూ (మంచు మీద తోలే స్నోమొబైల్ బండి) ఫొటోలు చూశాను. ఫ్యాన్‌తో చల్లబడే రోటాక్స్ 503, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. మంచి ఇంజన్. చిన్న అల్ట్రాలైట్ విమానాలకూ ఇదే వాడారు కాబట్టి పిస్టన్లు, రింగులు, ప్యాకింగులు ఇప్పటికీ దొరుకుతాయి. యమహా ఆర్ఎక్స్ 100 బైకు విప్పి బిగించిన చేతికి ఇది కొత్తేమీ కాదు. ముఖ్యమైన తేడా ఒక్కటే: ఆర్ఎక్స్‌కు రీడ్ వాల్వు (గాలిని లోపలికే పోనిచ్చే పలచటి రేకు) ఉంటుంది, దీనికి ఉండదు. పిస్టన్ స్కర్టే (కింది భాగం) ఇన్‌టేక్‌కు, అంటే మిశ్రమం లోపలికొచ్చే దారికి, తలుపు. మిన్నెసొటాలో డిసెంబరు 1 నుంచి ట్రెయిళ్లు (ఈ బళ్లు తిరిగే దారులు) తెరుస్తారు. నవంబరులో బోరింగ్ షాపుల (సిలిండర్ లోపలి గోడ కోసి సరిచేసే చోటు) దగ్గర అందరూ ఒకేసారి చేరతారు, అందుకని ఇప్పుడే మొదలుపెట్టు.

అమ్మినవాడు "పిస్టన్లు వేస్తే చాలు" అన్నాడని రాశావు. పిస్టన్ ఎందుకు పోయిందో తేలకుండా కొత్తది వెయ్యకు. అదే కారణం కొత్త పిస్టన్నీ తినేస్తుంది, ఒక్కోసారి పది మైళ్లు కూడా తిరగనివ్వదు. కాబట్టి రెంచ్ పట్టుకునే ముందు రెండు పరీక్షలు చెయ్యి.

మొదటిది కంప్రెషన్. ప్లగ్గులు రెండూ తీసి, ఒక్కో కన్నంలో కంప్రెషన్ గేజీ బిగించి, ప్లగ్ క్యాపులు ఇంజన్‌కు ఎర్త్ చేసి, త్రాటిల్ పూర్తిగా నొక్కిపట్టి, ముల్లు ఇక కదలని దాకా తాడు లాగు. 120 పీఎస్ఐ చుట్టుపక్కల ఉంటే సంతోషం. 100 దిగినా, రెండు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటినా పైభాగం విప్పాల్సిందే. త్రాటిల్ మూసి చూస్తే లెక్క తక్కువ చూపించి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది.

రెండోది చాలామంది వదిలేసేది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది: గాలి లీకు పరీక్ష. టూ స్ట్రోక్‌లో క్రాంక్ కేసే పంపు. ఎక్కడ సన్నని సందు ఉన్నా పెట్రోలు కలవని గాలి లోపలికి దూరుతుంది. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి లీన్ అవుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. అందులోనూ మాగ్నెటో (ప్లగ్గులకు కరెంటు పుట్టించేది) వైపు ఆయిల్ సీల్ ఫ్లైవీల్ వెనక దాక్కుని ఉంటుంది, కారుతున్నా కంటికి కనబడదు.

దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. బీపీ చూసే యంత్రం బల్బూ గేజీ చాలు. కార్బరేటర్లు, సైలెన్సర్ విప్పి, ఎగ్జాస్ట్‌ను రబ్బరు ముక్క, రేకు పెట్టి బిగించు. క్రాంక్ కేసు నుంచి ఫ్యూయల్ పంపుకు వెళ్లే ఇంపల్స్ గొట్టం (పంపును ఆడించేది) మూసెయ్యి. ప్లగ్గులు బిగించే ఉంచు. పరీక్షించే సిలిండర్‌లో పిస్టన్‌ను పైకి తీసుకురా, అప్పుడు ఇన్‌టేక్ కింద నుంచి క్రాంక్ కేసులోకి తెరుచుకుంటుంది. రెండో ఇన్‌టేక్‌కు గట్టి బిరడా వేసి, దీని బిరడాకు మాత్రం సన్న గొట్టం పెట్టి బల్బు తగిలించు. గేజీ మీద 260 వచ్చే దాకా నొక్కు, అంటే 5 పీఎస్ఐ. అంతకు మించితే మంచి సీలు కూడా తన్నుకుపోవచ్చు. 3 నిమిషాలు ముల్లు నిలబడాలి. దిగిపోతుంటే సబ్బు నీళ్లు బ్రష్‌తో పుయ్యి: సిలిండర్ అడుగు, ఇన్‌టేక్ రబ్బర్లు, కేసు అతుకు, క్లచ్ వైపు సీలు, చివరికి ఫ్లైవీల్ తీసి మాగ్నెటో వైపు సీలు. నీ బిరడాలకు కూడా పుయ్యి, లీకు అక్కడే ఉండొచ్చు. తర్వాత రెండో సిలిండర్‌కూ ఇలాగే. సీలు కారుతుంటే కేసు విప్పి రెండు వైపులా కొత్తవి వెయ్యి, ఒక్కటే మార్చి ఊరుకోకు.

ఇక విప్పు. తీసిన పిస్టన్‌ను తుడిచెయ్యకుండా వెలుతురులో పెట్టి చదువు. ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలు, అల్యూమినియం పూసుకుపోయి ఉంటే లీన్‌గా నడిచింది. నాలుగు మూలల్లో నాలుగు చారలుంటే ఇంజన్ వేడెక్కకముందే త్రాటిల్ నొక్కేశారు, పిస్టన్ ఉబ్బింది, సిలిండర్ ఇంకా చల్లగానే ఉంది. చుట్టూ గీతలుంటే ఆయిల్ అందలేదు. తల అంచున ఇసుకతో కొట్టినట్టు చిన్న చిన్న గుంటలుంటే డిటొనేషన్ (మిశ్రమం ఒక్కసారిగా పేలడం), చెడిన పెట్రోలో లీన్ మిశ్రమమో కారణం. ఇన్‌టేక్ వైపు స్కర్టు అంచును గోటితో తడిమి చూడు, అక్కడ పగుళ్లు వస్తాయి.

సిలిండర్ లోపల ఇనుప స్లీవు, కొత్తగా ఉన్నప్పుడు 72 మిల్లీమీటర్లు. పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లోనూ బోర్ గేజీతో కొలిపించు. పిస్టన్‌కూ గోడకూ మధ్య 0.20 మిల్లీమీటరు దాటితే బోరుకు వచ్చినట్టే. 0.25, 0.50 మిల్లీమీటరు ఓవర్‌సైజు (అంత పెద్దవైన) పిస్టన్లున్నాయి. పిస్టన్లు ముందు కొని, వాటిని షాపుకిచ్చి వాటి కొలతకే బోర్ చెయ్యమను. బోర్ అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలోని కన్నాల) అంచులు సన్నగా చాంఫర్ చేశారో (పదును పోయేలా అరగదీశారో) లేదో వేలితో చూడు. అంచు పదునుగా ఉంటే రింగు తట్టుకుని విరుగుతుంది. ఇంటికి తెచ్చాక వేడి సబ్బు నీళ్లతో కడిగి, తెల్ల గుడ్డకు నలుపు అంటని దాకా తుడిచి, వెంటనే ఆయిల్ రాయి. పెట్రోలుతో కడిగితే హోనింగ్ (గోడను రాయితో నునుపు చెయ్యడం) పొడి గీతల్లోనే ఉండిపోతుంది.

రింగును ఒంటిగా సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో నెట్టి తిన్నగా చేసి, ఫీలర్ గేజీతో (సందులు కొలిచే పలచటి రేకులు) రింగు కొనల మధ్య సందు చూడు. కొత్త రింగుకు 0.2 మిల్లీమీటరు కన్నా తగ్గకూడదు, పాతది 1.0కి వస్తే పారెయ్యి.

కనెక్టింగ్ రాడ్‌ను పైకీ కిందికీ లాగి చూడు, అటు ఆట అస్సలు ఉండకూడదు. పక్కకు కొంచెం కదలడం సహజం. క్రాంక్ నెమ్మదిగా తిప్పినప్పుడు చేతికి గరుకు తగిలితే, మూలన పడున్న ఏళ్లలో బేరింగుకు తుప్పు పట్టినట్టు. క్రాంక్ పని ప్రెస్సు ఉన్న షాపుదే, ఇంట్లో సుత్తితో సాధించకు.

బిగించేటప్పుడు పిస్టన్ తల మీద "ఏయూఎస్" అన్న అక్షరాలు, బాణం గుర్తు కనిపిస్తాయి. జర్మన్‌లో ఎగ్జాస్ట్ అని అర్థం, బాణం ఎగ్జాస్ట్ వైపు ఉండాలి. గడ్జన్ పిన్ (పిస్టన్‌ను రాడ్‌కు కలిపే కడ్డీ) పట్టి ఉంచే సర్‌క్లిప్పులు పాతవి మళ్లీ వాడకు. కొత్త క్లిప్పు నోరు నేరుగా పైకో కిందికో ఉండాలి, పక్కకు ఉంటే పిస్టన్ ఊపుకు ఊడిపోతుంది. క్లిప్పు పెట్టేటప్పుడు క్రాంక్ కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కు. సిలిండర్లు వదులుగా ఉండగానే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (రెండు సిలిండర్ల పొగను కలిపే గొట్టం) తగిలించి రెండింటినీ ఒక వరసకు తెచ్చి, అప్పుడు హెడ్ నట్లు అడ్డంగా ఎదురెదురుగా, మూడు విడతల్లో 22 న్యూటన్ మీటర్లకు బిగించు. ముందే బిగిస్తే మానిఫోల్డ్ దగ్గరే లీకు తయారవుతుంది.

కార్బరేటర్లలో పాత ఇథనాల్ పెట్రోలు జిగురు కట్టి ఉంటుంది. పైలట్ జెట్టు (నిదానంగా తిరిగేటప్పుడు పెట్రోలిచ్చే చిన్న మూతి) కన్నం వెంట్రుకంత. దీపానికెత్తి చూస్తే గుండ్రంగా వెలుతురు రావాలి. తీగతో పొడవకు, క్లీనర్ కొట్టి గాలి పట్టించు. జెట్టు సైజు తగ్గించే ఆలోచన పెట్టుకోకు. చలి పెరిగేకొద్దీ గాలి చిక్కబడి పెట్రోలు ఎక్కువ అడుగుతుంది. పెట్రోలు గొట్టాలు, ఇంపల్స్ గొట్టం, ఇన్‌టేక్ రబ్బర్లు గట్టిపడితే మార్చెయ్యి. ప్లగ్గులు ఎన్‌జీకే బీఆర్9ఈఎస్, సందు 0.45 మిల్లీమీటరు.

ఆయిల్ పంపు గొట్టాల్లో గాలి బుడగ మిగలకుండా బ్లీడ్ చెయ్యి (ఆయిల్ వదిలి గాలి పోగొట్టు), లివర్ మీది గీతా పంపు మీది గీతా కలిసేలా కేబుల్ సర్దు. దాని మీద నమ్మకం కుదిరే దాకా మొదటి ట్యాంకు పెట్రోలులో 50కి 1 పాళ్లలో 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్ కూడా కలుపు. ఫ్యాన్ కవరు తప్పకుండా తియ్యి. వేసవిలో ఎలుకలు ఫిన్నుల (సిలిండర్‌ను చల్లబరిచే రేకుల) మధ్య గూడు కడతాయి, గాలి ఆడక ఆ సిలిండర్ ఒక్కటే కాలిపోతుంది. ఫ్యాన్ బెల్టు పగిలితే మార్చు.

స్టార్ట్ చేసేటప్పుడు గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి ఉంచు, చలి అని దించకు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. వెనక ట్రాక్‌ను (బండిని నడిపే రబ్బరు పట్టాను) స్టాండు మీద ఎత్తు, వెనక ఎవరూ నిలబడకూడదు. ఒకసారి వేడెక్కించి, ఆపి, హెడ్ చేతికి చల్లగా తగిలే దాకా వదిలేసి, హెడ్ నట్లు మళ్లీ 22కి చూడు. తర్వాత పది గంటల పాటు ముప్పావు త్రాటిల్ దాటకు, ఒకే వేగంలో ఎక్కువసేపు తోలకు. మధ్యలో ప్లగ్గులు తీసి చూడు. గోధుమ రంగుంటే వెళ్లు. తెల్లగా ఉంటే అక్కడే ఆపి, లీకు పరీక్ష మళ్లీ చెయ్యి.

పిస్టన్లు తీశాక, తుడవకముందు, నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపు.

ఇట్లు,
మామయ్య